మహమ్మారి తగ్గిన ఏళ్ల తరువాత మనసులో ఏమి మిగులుతుంది, ఎవరిలో మిగులుతుంది?

సందేహి

కోవిడ్‌ను అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా పరిగణించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ముగించింది. మానసిక ఆరోగ్యం విషయంలో మాత్రం అలాంటి ముగింపు తేదీ ఎక్కడా కనిపించడం లేదు. చదివిన కొద్దీ ఒకదానికొకటి పొసగని మాటలే ఎదురవుతున్నాయి. మొదటి సంవత్సరంలోనే ఆందోళన, కుంగుబాటు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని అదే సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. ఎక్కువమంది కొద్ది నెలల్లోనే కుదుటపడ్డారని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి.

నాకు రెండు విషయాలు తెలుసుకోవాలని ఉంది. వైరస్ మహమ్మారి సద్దుమణిగిన రెండేళ్లకు, నాలుగేళ్లకు కూడా వదలని మానసిక సమస్యలు ఏవి, అవి ఎవరిని పట్టుకుని ఉంటున్నాయి? వాటికి మూలం వైరస్ మెదడుపై చూపే ప్రభావమా, లేక దాని చుట్టూ వచ్చిన మరణాలు, ఏకాంతం, ఉపాధి నష్టం వంటి పరిస్థితులా? సమాధానం రాసేవారు ఏ మహమ్మారి గురించి, ఎవరి గురించి, ఎవరితో పోల్చి చెబుతున్నారో కూడా తెలియజేయవలసిందిగా మనవి.

పాతపుటలు

సందేహి గారూ, ఈ ప్రశ్న కోవిడ్‌తో పుట్టినది కాదు. 1889-90లో ప్రపంచమంతా తిరిగిన ఇన్‌ఫ్లుయెంజా తరువాత ఐరోపా వైద్యులు తమ రోగుల్లో నెలల తరబడి వదలని నీరసాన్ని, నిద్రలేమిని, విషాదాన్ని, కొన్ని సందర్భాల్లో ఆత్మహత్యలను కూడా గమనించి రాసి పెట్టారు. ఆ రోజుల్లో దీనిని నరాల బలహీనత కింద లెక్కవేసేవారు.

1918 ఇన్‌ఫ్లుయెంజా విషయంలో ఆధారాలు ఇంకొంచెం గట్టివి. బోస్టన్‌లోని మానసిక వైద్యశాలలో పనిచేస్తున్న కార్ల్ మెనింజర్ అనే యువ వైద్యుడు, ఇన్‌ఫ్లుయెంజా తరువాత మతి చలించి చేరిన 100 మంది రోగుల వివరాలను 1919లో ప్రచురించాడు. వారిలో కొందరికి, నేడు మనం స్కిజోఫ్రేనియా అంటున్న జబ్బును పోలిన లక్షణాలు ఉండేవి. ఆ జబ్బు వచ్చినవారు ఇక కోలుకోరని నాటి వైద్యులు గట్టిగా నమ్మేవారు. అయితే సుమారు ఐదేళ్ల తరువాత మెనింజర్ మళ్లీ వారిని పరిశీలించినప్పుడు, అలాంటి లక్షణాలతో చేరినవారిలో ఎక్కువమంది పూర్తిగా కోలుకుని కనిపించారు. దీర్ఘకాలిక ప్రభావాల గురించి మాట్లాడే చోట ఈ సంగతిని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు గానీ, నా దృష్టిలో ఆ మహమ్మారి మిగిల్చిన మానసిక వైద్య సమాచారంలో ఇదే అన్నిటికన్నా విలువైనది.

నార్వేలో మానసిక వైద్యశాలల పాత రికార్డులను పరిశీలించిన స్వెన్-ఎరిక్ మామెలుండ్, ఇన్‌ఫ్లుయెంజా కారణంగా మానసిక రోగం వచ్చిందని నమోదై తొలిసారి చేరినవారి సంఖ్య, 1918 తరువాతి ఆరేళ్లలో ఏటా సగటున 7.2 రెట్లు ఉన్నట్టు లెక్కగట్టారు.

ఇక అందరూ చెప్పే నిద్రజబ్బు సంగతి. ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా అనే ఈ వ్యాధిని వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకొనోమో 1917లో వర్ణించాడు. అది దాదాపు పదేళ్లు ప్రబలి ఆ తరువాత కనుమరుగైంది. బతికి బయటపడినవారిలో కొందరు పార్కిన్‌సన్ లక్షణాలతో దశాబ్దాల పాటు కదలిక లేకుండా ఉండిపోయారు. న్యూయార్క్‌లో ఆలివర్ సాక్స్ అనే నరాల వైద్యుడు 1969లో ఎల్-డోపా అనే మందు ఇచ్చినప్పుడు కొంతకాలం మేల్కొన్నది అలాంటివారే. ఇది ఇన్‌ఫ్లుయెంజా వల్లనే వచ్చిందని నేటికీ నిరూపణ కాలేదు. 1918 శరత్కాలపు పెద్ద అలకు ముందే దీని కేసులు ఉన్నాయి కనుక, కోవిడ్ చర్చల్లో దీనిని భయపెట్టే ఉదాహరణగా వాడుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

గణాంకప్రియ

పాతపుటలు గారు ఇచ్చిన నార్వే సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. అది మానసిక రోగాలన్నీ ఏడు రెట్లు పెరిగాయని చెప్పడం లేదు. ఇన్‌ఫ్లుయెంజాను కారణంగా రాసిన కేసులు పెరిగాయని మాత్రమే చెబుతోంది. దేశమంతా ఒకే జబ్బు గురించి మాట్లాడుకుంటున్నప్పుడు రికార్డులో కారణం అనే గడిలో వైద్యుడి కలం ఆ జబ్బు పేరు వైపే మొగ్గుతుంది. పైగా మొదటి సంఖ్య చిన్నదైతే రెట్లు ఎప్పుడూ పెద్దవిగానే కనిపిస్తాయి.

పాతపుటలు

మీ హెచ్చరిక సబబే. అయితే నార్వే రికార్డులకు ఒక ప్రత్యేకత ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నార్వే తటస్థంగా ఉన్నది కనుక, యుద్ధం మిగిల్చిన మానసిక గాయాలను, ఇన్‌ఫ్లుయెంజా మిగిల్చిన వాటిని విడదీయడం ఇతర ఐరోపా దేశాల్లో కంటే అక్కడ కొంత సులువు. లోపం లేని ఆధారం కావాలంటే ఆ కాలం నుంచి మనకు ఏదీ దొరకదు.

మనోవైద్యుడు

నేను మానసిక వైద్యంలో ఉన్నాను. సందేహి గారు అడిగిన నాలుగేళ్ల ప్రశ్నకు నేరుగా సమాధానం ఇచ్చేది 2003 నాటి సార్స్. సుమారు 8,100 కేసులతో, 774 మరణాలతో ముగిసిన ఆ వ్యాధి, కోవిడ్‌తో పోలిస్తే సంఖ్యలో చాలా చిన్నది. చిన్నది కావడం వల్లనే హాంకాంగ్ వైద్యులు కోలుకున్నవారిని పేరుపేరునా పిలిచి, ఏళ్ల తరువాత కూడా పరీక్షించగలిగారు.

అక్కడ 90 మందిని 30 నెలల తరువాత ప్రత్యక్ష ఇంటర్వ్యూలతో పరీక్షించినప్పుడు, మూడింట ఒక వంతు మందిలో అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మత కొనసాగుతోంది. పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం వంటి లక్షణాలు ఉండే పీటీఎస్‌డీ నాలుగో వంతు మందిలో, కుంగుబాటు సుమారు 15 శాతం మందిలో కనిపించాయి. నాలుగేళ్లకు 233 మందిని చూసిన మరొక అధ్యయనంలో 40 శాతానికి పైగా చికిత్స అవసరమైన మానసిక సమస్యతో ఉన్నారు, దాదాపు అంతే శాతం మందికి వదలని అలసట ఉంది.

ఈ శాతాలకన్నా ఆ సమస్యలు ఎవరిలో నిలిచిపోయాయన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మొదటి అధ్యయనంలో పీటీఎస్‌డీతో ముడిపడిన అంశాలలో ఒకటి, తుంటి ఎముక వంటి చోట్ల ఎముక చచ్చుబడిపోవడం. సార్స్ రోగులకు పెద్ద మోతాదుల్లో ఇచ్చిన స్టిరాయిడ్ల దుష్ఫలితం అది. అంటే వైరస్ వెళ్లిపోయింది, దాని చికిత్స వల్ల వచ్చిన నొప్పి ప్రతి అడుగులోనూ జబ్బును గుర్తు చేస్తూ ఉండిపోయింది. రెండవ అధ్యయనంలో సమస్య ఎక్కువగా నిలిచినవారు వైద్య సిబ్బంది, నాలుగేళ్ల తరువాత కూడా ఉద్యోగం లేనివారు, సమాజం తమను వెలివేసినట్టు భావించినవారు. వైరసా, పరిస్థితులా అన్న విభజన ఈ మనుషుల జీవితాల్లోకి వచ్చేసరికి నిలబడదు.

సూటిమాట

ఎవరూ నొచ్చుకోరనే ఆశతో నా సందేహాన్ని తెలియజేస్తున్నాను. పైన చెప్పినవన్నీ నిజమే కావచ్చు, కానీ అవి ఆసుపత్రి దాకా వెళ్లిన కొద్దిమంది సంగతులు. హాంకాంగ్‌లోనే 2003లో వృద్ధుల ఆత్మహత్యలు పెరిగాయి. వారిలో చాలామందికి సార్స్ సోకనే లేదు. ఒంటరితనం, ఇతరులకు భారమవుతామన్న భయం, తమ మామూలు చికిత్సలకు అంతరాయం కలగడం, ఇవే వారిని కుంగదీశాయి. 2020లో ప్రపంచవ్యాప్తంగా 5.3 కోట్ల కుంగుబాటు కేసులు, 7.6 కోట్ల ఆందోళన కేసులు అదనంగా వచ్చాయని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా కూడా, ఇన్‌ఫెక్షన్ల రేటుతో పాటు మనుషుల కదలికలు ఎంత తగ్గాయన్న దానిని ఆధారం చేసుకున్నదే. ఆ పెరుగుదల స్త్రీలలోను, యువతలోను ఎక్కువగా ఉంది. వైరస్ ప్రాణాలు తీసినది ఎక్కువగా వృద్ధులను, మనసు దెబ్బతిన్నది ఎక్కువగా యువతకు. వైరస్సే కారణమైతే ఈ రెండు వరుసలు ఇలా తలకిందులుగా ఉండేవా?

మరొక మాట కూడా చెప్పాలి. ఉద్యోగం పోయినవాడి దిగులుకు, తల్లిని కడసారి చూడలేకపోయిన కూతురి దుఃఖానికి జబ్బు పేరు పెట్టి మాత్రలు రాసివ్వడం, సమాజం తన బాధ్యతను వైద్యులకు అప్పగించి చేతులు దులుపుకోవడమే అవుతుంది.

కణశాస్త్రం

సూటిమాట గారూ, జనాభా మొత్తం గురించి మీరు చెప్పింది నేను కాదనను. అయితే రోగనిరోధక వ్యవస్థ ఒక్కటే, బయటి కష్టం ఏదీ లేకుండా, మనిషిని కుంగుబాటులోకి నెట్టగలదా అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రంలో మహమ్మారితో సంబంధం లేని స్పష్టమైన సమాధానం ఒకటి ఉంది.

హెపటైటిస్-సి చికిత్సలో చాలా ఏళ్లు ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా ఇంజెక్షన్లు వాడేవారు. ఇంటర్‌ఫెరాన్ అనేది వైరస్ సోకినప్పుడు మన కణాలే విడుదల చేసే ప్రొటీన్. దానిని మందుగా బయటి నుంచి ఇచ్చినప్పుడు, వారాల వ్యవధిలో దాదాపు నాలుగో వంతు మంది చికిత్స అవసరమైనంత కుంగుబాటుకు లోనయ్యేవారు. ఆ కాలంలో వారి ఉద్యోగంలోనో, కుటుంబంలోనో కొత్తగా వచ్చిన విపత్తు ఏమీ లేదు. చికిత్స ఆపిన తరువాత ఎక్కువమంది కోలుకునేవారు. వైరస్‌పై పోరాడమని శరీరం పంపే సంకేతమే మెదడులో నిద్రను, ఉత్సాహాన్ని, ఆలోచనా వేగాన్ని మార్చగలదని దీనివల్ల తెలిసింది. మానసిక స్థితిని ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనం తయారీకి ముడిసరుకైన ట్రిప్టోఫాన్ వేరే రసాయన మార్గంలోకి మళ్లిపోవడం, మెదడులోని రక్షణ కణాలైన మైక్రోగ్లియా చురుకెక్కడం ఇందులో పాత్ర వహిస్తాయని భావిస్తున్నారు.

కోవిడ్ విషయానికి వస్తే, బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అధ్యయనం అరుదైన అవకాశాన్ని వాడుకుంది. మహమ్మారికి ముందే మెదడు స్కాన్ తీయించుకున్న 785 మందికి మళ్లీ స్కాన్ తీశారు. వారిలో 401 మందికి ఈ మధ్యకాలంలో కోవిడ్ సోకింది, అందులో ఎక్కువమందికి తేలికగానే వచ్చిపోయింది. సోకనివారితో పోలిస్తే, వాసనతో సంబంధమున్న మెదడు భాగాల్లో బూడిద పదార్థం కొద్దిగా ఎక్కువ తగ్గినట్టు 2022లో ప్రచురించారు. ఆ తేడా కొన్ని చోట్ల 0.2 శాతం, కొన్ని చోట్ల 2 శాతం వరకు ఉంది. దీనిని మెదడు కుంచించుకుపోతోందంటూ శీర్షికలు పెట్టి అమ్మారు. వాసన తెలియకపోవడం వల్లనే ఆ భాగాలకు పని తగ్గి అలా కనిపించి ఉండవచ్చన్న వివరణకు కూడా ఆ ఫలితాల్లో చోటుంది. మానసిక వ్యాధికి అది సాక్ష్యం కాదు, అయితే తేలికగా వచ్చిపోయే వైరస్ మెదడును అసలు తాకదన్న భరోసాను మాత్రం అది బలహీనపరుస్తుంది.

గణాంకప్రియ

ఇద్దరి మాటలనూ ఒకే పట్టికలో పెట్టగల పరిశోధన ఉంది. ఆక్స్‌ఫర్డ్ బృందం 2022లో ప్రచురించిన అధ్యయనంలో, కోవిడ్ సోకిన సుమారు 12.8 లక్షల మందిని, వేరే శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ సోకిన అంతే మందితో జత కలిపి రెండేళ్ల పాటు వైద్య రికార్డుల్లో అనుసరించారు. పోలిక ఆరోగ్యవంతులతో కాదు, మరొక జబ్బు చేసినవారితో. ఈ షరతు చాలా కీలకం, ఎందుకంటే జబ్బు పడటం వల్ల ఎవరికైనా కలిగే దిగులు, ఆ కాలంలో అందరూ ఎదుర్కొన్న పరిస్థితులు ఈ పోలికలో చాలావరకు రద్దవుతాయి.

ఫలితాలు రెండు దారులుగా చీలాయి. ఆందోళన, కుంగుబాటు విషయంలో అదనపు ముప్పు మొదట్లో స్పష్టంగా ఉండి, ఒకటి రెండు నెలల్లో పోలిక వర్గం స్థాయికి దిగివచ్చింది. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి లోపం, డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు), సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి), మూర్ఛల ముప్పు మాత్రం రెండేళ్ల చివరికి కూడా ఎక్కువగానే ఉంది. పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు ముప్పు పోలిక వర్గం కంటే పెరగలేదు.

ఇంతకీ జనాభా మొత్తం సంగతి ఏమిటి? అవే వ్యక్తులను మహమ్మారికి ముందు, తరువాత కొలిచిన అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2023లో బీఎమ్‌జే అనే వైద్య పత్రికలో వచ్చింది. సగటున మార్పు చాలా స్వల్పం, స్త్రీలలో కొంత ఎక్కువ. అందులో సంపన్న దేశాల సమాచారమే అధికం. ఆత్మహత్యలు పెరుగుతాయన్న భయం కూడా తొలి నెలల్లో నిజం కాలేదు. 21 దేశాల గణాంకాల్లో అలాంటి పెరుగుదల కనిపించలేదు. జపాన్‌లో మొదట తగ్గి, 2020 ద్వితీయార్ధంలో, ముఖ్యంగా స్త్రీలలో, పెరిగాయి. తొలి నెలలు చూసి ఏ నిర్ణయానికీ రాకూడదనడానికి జపాన్ చాలు.

రాత్రిడ్యూటీ

నేను నర్సును. గణాంకప్రియ గారు చెప్పిన ఆ స్వల్పమైన సగటు మార్పు మీద నాకు అభ్యంతరం ఉంది. లెక్క తప్పని నేను అనడం లేదు, దానిని వాడుకునే తీరే నన్ను బాధిస్తోంది. ఇంటి నుంచి పని చేసుకుంటూ ప్రయాణం తప్పినందుకు హాయిగా ఉన్నవారిని, వార్డులో వరుసగా మరణాలు చూసినవారిని కలిపి సగటు తీస్తే ఎవరి గురించీ ఏమీ చెప్పని సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను చూపించి సిబ్బందికి ప్రత్యేక సహాయం అక్కరలేదని వాదించే అధికారులను నేను విన్నాను.

బీజింగ్‌లో సార్స్ సమయంలో పనిచేసిన 549 మంది ఆసుపత్రి ఉద్యోగులను మూడేళ్ల తరువాత అడిగినప్పుడు, సుమారు 10 శాతం మంది తీవ్రమైన పీటీఎస్‌డీ లక్షణాలను అనుభవించినట్టు చెప్పారు. క్వారంటైన్‌లో ఉన్నవారిలో, సార్స్ వార్డుల్లో పనిచేసినవారిలో, తమవారికి ఆ వ్యాధి సోకినవారిలో ఈ అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంది. వృత్తి ధర్మంగా ఆ ప్రమాదాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించినవారిలో లక్షణాలు తక్కువగా ఉన్నాయని కూడా అందులోనే తేలింది. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ప్రమాదాన్ని ఎంచుకోవడం వేరు, మాస్కులు సరిపడా లేని చోట దానిలోకి నెట్టబడటం వేరు.

మాలో చాలామందిని వెంటాడుతున్నది మాకు సోకుతుందన్న భయం కాదు. ఖాళీ మంచం ఒక్కటే ఉన్నప్పుడు ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయంలో పాలుపంచుకోవడం, కుటుంబాన్ని లోపలికి రానివ్వకుండా తలుపు దగ్గర ఆపడం, చనిపోతున్న మనిషి చెవి దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడటం. సరైనదని తెలిసిన పనిని చేయలేకపోయిన, తప్పని తోచిన పనిని చేయక తప్పని ఈ స్థితిని నైతిక గాయం అంటున్నారు. సైనికుల గురించి పుట్టిన ఈ భావన మాకు అతికినట్టు సరిపోతుంది. దీనికి ధ్యానం యాప్ ఇస్తే సరిపోతుందని భావించేవారితో వాదించే ఓపిక నాకు లేదు.

మళ్లీఊపిరి

వెంటిలేటర్ మీద ఉండి బయటపడినవారిలో నేను ఒకడిని. నా అనుభవంలో ఒక్క భాగమే ఇక్కడికి అవసరం. మత్తుమందుల మధ్య నాకు కలిగిన భ్రమల్లో సిబ్బంది నన్ను బంధించి హింసిస్తున్నారు. అది జరగలేదని నాకు ఇప్పుడు తెలుసు, అయినా నాకు వచ్చే పీడకలలు జరిగినవాటి గురించి కావు, జరగని వాటి గురించే. కౌన్సెలర్‌తో మాట్లాడేటప్పుడు దీనిని వివరించడం చాలా కష్టమైంది, ఎందుకంటే ఆమె నా భయానికి మూలమైన సంఘటనను వెతుకుతున్నారు, అలాంటి సంఘటన అసలు లేదు.

శరీర బలహీనత, మతిమరుపు ఇప్పటికీ ఉన్నాయి. రక్తపరీక్షలన్నీ బాగున్నాయి కనుక ఇదంతా మానసికమేనని ఒక వైద్యుడు, మానసిక సమస్య ఏమీ లేదు కనుక శరీరాన్ని చూపించుకోమని మరొకరు నన్ను బంతిలా అటూ ఇటూ విసిరారు. మనోవైద్యుడు గారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

మనోవైద్యుడు

మళ్లీఊపిరి గారూ, మీరు చెప్పిన మొదటి విషయం ఐసీయూ నుంచి వచ్చినవారిలో బాగా తెలిసినదే. తీవ్ర అస్వస్థతలో వచ్చే మతిభ్రమను డెలీరియం అంటాము. ఆ స్థితిలో ఏర్పడిన తప్పుడు జ్ఞాపకాలు నిజమైన వాటికన్నా స్పష్టంగా, భయంకరంగా మిగలవచ్చు. వాటికి కూడా పీటీఎస్‌డీకి చేసే చికిత్సే చేయవచ్చు, సంఘటన నిజంగా జరిగి ఉండవలసిన అవసరం లేదు. కొన్ని దేశాల్లో నర్సులు, కుటుంబ సభ్యులు ఐసీయూలో రోజూ ఏమి జరిగిందో ఒక డైరీలో రాసి, తరువాత రోగికి ఇస్తారు. మొదట్లో ఒక ట్రయల్‌లో దీనివల్ల పీటీఎస్‌డీ తగ్గింది, ఫ్రాన్స్‌లో 2019లో ముగిసిన పెద్ద ట్రయల్‌లో తేడా కనిపించలేదు. అయినా జరిగినదానిని, జరగనిదానిని విడదీసుకోవడానికి అది ఉపకరించిందని చెప్పే రోగులు నాకు తెలుసు.

రెండవ విషయం వైద్యరంగానికి చాలా పాత మచ్చ. లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 1955లో సుమారు 300 మంది సిబ్బంది, అంతుచిక్కని ఇన్‌ఫెక్షన్ వంటి జబ్బుకు లోనై, ఆసుపత్రిని కొన్ని నెలలు మూసివేయవలసి వచ్చింది. పదిహేనేళ్ల తరువాత, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు ఆ రోగులలో ఒక్కరినీ పరీక్షించకుండా, పాత కాగితాలు మాత్రమే చూసి, అది సామూహిక హిస్టీరియా అని తేల్చేశారు. బాధితుల్లో స్త్రీలు ఎక్కువగా ఉండటం వారి వాదనలో ఒక ముఖ్యాంశం. ఆ ముద్ర వల్ల ఇన్‌ఫెక్షన్ తరువాతి అలసటతో బాధపడే రోగులు దశాబ్దాల పాటు నష్టపోయారు.

దీనికి సమాధానంగా నిలిచేది ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణంలో జరిగిన అధ్యయనం. మూడు వేర్వేరు ఇన్‌ఫెక్షన్లు సోకిన 253 మందిని జబ్బు మొదలైనప్పటి నుంచీ అనుసరించగా, ఆరు నెలలకు 12 శాతం మందిలో వదలని అలసట, నొప్పులు, మతిమరుపు, మూడ్ మార్పులు కనిపించాయని 2006లో ప్రచురించారు. క్రిమి ఏదైనా శాతం దాదాపు ఒకటే. ఎవరికి అలా జరుగుతుందో ముందుగా సూచించినది మొదటి జబ్బు తీవ్రతే. అంతకుముందు వారి మానసిక స్థితి ఏమిటన్నది దానిని సూచించలేకపోయింది.

కనుక అలసట ఉన్న రోగిని ఇద్దరు వైద్యులూ చూడాలి, ఒకరి తరువాత ఒకరు కాదు, ఒకే సమయంలో. శ్రమ చేసిన మరునాడో ఆ మరునాడో లక్షణాలు విజృంభించే వారిని రోజురోజుకూ వ్యాయామం పెంచుకుంటూ పొమ్మని చెప్పకూడదు. దీర్ఘకాలిక అలసట జబ్బుకు బ్రిటన్ మార్గదర్శకాలు 2021లో ఆ పద్ధతిని తొలగించాయి. కోవిడ్ తగ్గాక కూడా లక్షణాలు నెలల తరబడి వదలని లాంగ్ కోవిడ్‌లో అందరికీ ఒకే సలహా పనికిరాదు, కొందరికి క్రమబద్ధమైన వ్యాయామం మేలు చేస్తుంది కూడా.

బడిగంట

నేను ఉపాధ్యాయినిని. పిల్లల గురించి ఇప్పటివరకు ఒక్క వాక్యమే వచ్చింది. 2020 ఏప్రిల్ నాటికి ప్రపంచంలో సుమారు 160 కోట్ల మంది విద్యార్థులకు బడులు మూతపడ్డాయని యునెస్కో లెక్క. వైరస్ వల్ల పిల్లల్లో ఆందోళన పెరగలేదన్న ఆక్స్‌ఫర్డ్ ఫలితాన్ని నేను నమ్ముతాను, కానీ అది వైరస్ సోకిన పిల్లలకు, ఇతర జబ్బులు సోకిన పిల్లలకు మధ్య పోలిక. బడి లేకపోవడం ఇద్దరికీ సమానమే కాబట్టి దాని ప్రభావం ఆ లెక్కలో కనిపించే వీలే లేదు. కౌమారదశ ఆడపిల్లల్లో ఆహార సంబంధ రుగ్మతలు పెరిగాయని అనేక దేశాల ఆసుపత్రులు నమోదు చేశాయి.

వీరందరిలోకీ తల్లిదండ్రులను, పెంచిన పెద్దలను పోగొట్టుకున్న పిల్లలు వేరు. మొదటి 14 నెలల్లోనే, అంటే 2021 ఏప్రిల్ నాటికే, ప్రపంచంలో 15 లక్షలకు పైగా పిల్లలు తల్లినో, తండ్రినో, తమతో ఉండి చూసుకునే తాతయ్య అమ్మమ్మలనో కోల్పోయారని అంచనా. ఒక్క మరణం వెనుక సగటున తొమ్మిది మంది దగ్గరి బంధువులు మిగులుతారని అమెరికా సమాచారంతో చేసిన లెక్క చెబుతోంది. ఈ పిల్లల్లో చాలామంది కడసారి చూపుకు నోచుకోలేదు. తరగతి గదిలో వీరు ఏడవరు. హోంవర్క్ చేయరు, కొట్లాడతారు, లేదా అతిగా బుద్ధిమంతులై అందరినీ మెప్పిస్తారు. ఈ మూడవ రకం వారిని ఎవరూ పట్టించుకోరు.

సూటిమాట

బడిగంట గారు చెప్పినదే నా వాదనకు బలం. ఆ పిల్లలకు కావలసింది మనోవైద్యుడి చీటీ కాదు, ఇంటికి ఆదాయం, పక్కన ఒక పెద్దదిక్కు. దుఃఖాన్ని కూడా రోగాల పుస్తకంలో చేర్చారని విన్నాను.

మనోవైద్యుడు

చేర్చిన మాట నిజమే. దీర్ఘ దుఃఖ రుగ్మతను ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ కనీసం ఆరు నెలల తరువాత మాత్రమే నిర్ధారించమంటుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో చేర్చినప్పుడు పెద్దలకు ఏడాది, పిల్లలకు ఆరు నెలలు గడువు పెట్టింది. ఆ సమాజంలో, ఆ మతంలో సహజంగా భావించే దుఃఖానికి మించి ఉండాలన్న షరతు కూడా ఉంది. ఎక్కువమంది ఏ చికిత్సా లేకుండానే కోలుకుంటారు. కానీ ఏళ్లు గడిచినా పోయిన మనిషి గదిని తాకలేని వారికి, జీవించడంలో అర్థం లేదని భావించేవారికి, దుఃఖం కోసమే రూపొందించిన సంభాషణా చికిత్సలు సాధారణ కుంగుబాటు మందులకన్నా బాగా పనిచేస్తాయి. ఆదాయం కల్పించడం, చికిత్స అందించడం పరస్పరం పోటీ పడే విషయాలు కావు. హాంకాంగ్‌లో ఉద్యోగం లేనివారిలోనే సమస్య నిలిచిపోయిందని ముందే రాశాను కదా.

విపత్తు జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించే ఒక్క విడత సమావేశాలు పీటీఎస్‌డీని నివారించలేవని అనేక ట్రయళ్లలో తేలింది, కొన్నింటిలో కీడు కూడా కనిపించింది. అయినా కొన్ని చోట్ల వాటినే నిర్వహించడం నాకు అర్థం కాదు. మానసిక వైద్యులు తక్కువగా ఉన్న చోట, శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలే ఐదు విడతల్లో అందించే ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించింది. దానికి ట్రయళ్ల మద్దతు ఉంది.

పాతపుటలు

సందేహి గారు రెండేళ్ల, నాలుగేళ్ల సంగతే అడిగారు గానీ, పదేళ్లకు పైబడిన ప్రభావం గురించి కూడా ఒక చిన్న చేర్పు. 1957 ఇన్‌ఫ్లుయెంజా సమయంలో తల్లి గర్భంలో నాలుగు నుంచి ఆరో నెలలో ఉన్నవారిలో, పెద్దయ్యాక స్కిజోఫ్రేనియాతో ఆసుపత్రిలో చేరినవారు ఎక్కువని హెల్సింకీ రికార్డుల ఆధారంగా 1988లో ప్రచురించారు. తరువాతి అధ్యయనాల్లో కొన్ని దీనిని సమర్థించాయి, కొన్ని సమర్థించలేదు. 2020లో గర్భంలో ఉన్నవారు ఆ వయసుకు రావడానికి ఇంకా చాలా కాలం ఉంది.

సందేహి

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క విషయం మిగిలింది. లాంగ్ కోవిడ్ ఉన్నవారిలో ఇంత శాతం మందికి కుంగుబాటు ఉందని వచ్చే సర్వేల సంఖ్యలు ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటున్నాయి. వాటిలో దేనిని నమ్మాలి?

గణాంకప్రియ

ఇంటర్వ్యూ చేసి నిర్ధారించారా, ప్రశ్నావళి నింపించారా అన్నది ముందు చూడండి. ప్రశ్నావళితో వచ్చే శాతం దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఆ తరువాత, సోకనివారి వర్గం ఉందో లేదో చూడండి. సోషల్ మీడియాలోని రోగుల బృందాల ద్వారా పిలిచిన సర్వేలలో బాధ ఎక్కువ ఉన్నవారే స్పందిస్తారు.

మనోవైద్యుడు

దానికి తోడు ప్రశ్నావళిలో ఏమి అడుగుతున్నారో కూడా చూడాలి. కుంగుబాటును కొలవడానికి విరివిగా వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. వాటిలో నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత, కదలికల మందగింపు అనే ఐదూ లాంగ్ కోవిడ్‌లో కుంగుబాటు ఏమాత్రం లేకపోయినా ఉండగలవు. ఒక్కొక్క దానికి గరిష్ఠంగా 3 మార్కులు. కుంగుబాటుకు గీత గీసే 10 మార్కులను, దిగులన్నదే లేని రోగి కూడా ఈ ఐదింటితోనే దాటిపోగలడు. నేను రోగిని చూసేటప్పుడు మొత్తం మార్కులను పక్కన పెట్టి, ఆసక్తి తగ్గడం, దిగులు గురించి అడిగే మొదటి రెండు ప్రశ్నలను, చివరిదైన ఆత్మహత్య ఆలోచనల ప్రశ్నను విడిగా చదువుతాను. ఆ తరువాత, రేపు అలసట మాయమైతే ఏమి చేస్తారని అడుగుతాను. వెంటనే నాలుగు పనులు చెప్పేవారికి నేను కుంగుబాటు మందులు రాయడానికి తొందరపడను. ఏమీ చేయాలని లేదని చెప్పేవారిని మాత్రం ఆ వారంలోనే మళ్లీ రమ్మంటాను.